రేవు పట్నంలో పొద్దుటి టిఫిను



"ఈ ఊళ్లో మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందండీ?" అని విశాఖపట్నం కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతూంటారు. ఏదో ఒక హోటలు పేరు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ ప్రశ్న వెనక ఈ ఊరి చరిత్ర చాలా ఉంది. అందులో మన ఆడవాళ్ల చరిత్ర కూడా ఉంది.

మన అమ్మమ్మల కాలంలో పొద్దున్నే డబ్బిచ్చి తినడం సంసారుల ఇళ్లల్లో ఎరగరు. చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ ముక్క. పనిపాటలవాళ్లకి చోడి అంబలి. కుండ మూతికి గుడ్డ వాసెన కట్టి కుడుములు వండారంటే పండగైనా అయి ఉండాలి, అల్లుడైనా వచ్చి ఉండాలి. ఇడ్లీ మాత్రం నిన్నటిది కాదు. క్రీ.శ. 920 ప్రాంతంలో వెలువడిన 'వడ్డారాధనె' అనే కన్నడ గ్రంథంలోనే 'ఇడ్డలిగె' పేరు కనిపిస్తుంది.

మరి ఇల్లు విడిచి వచ్చినవాడు ఎక్కడ తినేవాడు? పూటకూళ్లమ్మ ఇంట్లో! 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో పూటకూళ్లమ్మ మీకందరికీ తెలిసిందే. దిక్కులేని ఆడది తన పొయ్యినే నమ్ముకుని పదిమందికీ అన్నం పెట్టి బతికింది. హోటళ్లకి ఆదిగురువు ఆవిడే అంటే తప్పేముంది?

1933లో విశాఖ రేవు తెరిచారు. 1941లో ఓడల కార్ఖానాకి శంకుస్థాపన జరిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. పల్లెల నుంచి మగవాళ్లు ఒంటరిగా పనికి వచ్చారు. తెల్లారేసరికి గేటు దగ్గరుండాలి, చద్దన్నం పెట్టే చెయ్యి దగ్గర లేదు. వాళ్ల ఆకలి కనిపెట్టే కాఫీ హోటళ్లు, ఇడ్లీ బళ్లు వెలిశాయి. ఉడిపి నుంచి బయల్దేరిన వంటవాళ్లు దక్షిణాదంతా టిఫినుకి ఒక పద్ధతి నేర్పారు. ఆ తర్వాత ఉక్కు వచ్చింది. 1966లో ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. షిఫ్టులతోబాటు గాజువాకలో పొయ్యిలూ పెరిగాయి.

అయితే హోటలు తలుపు అందరికీ తెరిచి లేదు సుమండీ. పాత మద్రాసు రాజధానిలో చాలా హోటళ్లలో కులం చూసి కూర్చోబెట్టేవారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, 15వ అధికరణంలో, మతం, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టినచోటు చూసి ఎవరినీ హోటల్లోకి రావద్దనకూడదని రాసింది. స్త్రీ అన్న మాట అందులో ఉందని మనలో ఎంతమందికి తెలుసు? చట్టం ఒక్కరోజులో వచ్చింది, అలవాటు మాత్రం మెల్లిగా కదిలింది. మగవాడు తోడుంటేనే, అదీ తెర కట్టిన 'ఫ్యామిలీ' గదిలో. లేదా పొట్లం కట్టించి ఇంటికి తెప్పించుకోవడం. హోటలు అట్టు పెనం మీంచి దిగిన వేడిన ఎలా ఉంటుందో ఎరక్కుండానే ఎందరో పెద్దవాళ్లు వెళ్లిపోయారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మంచి చోటు కావాలంటే బోర్డు చూడకండి, తినేవాళ్లని చూడండి. షిఫ్టు దిగినవాళ్లు, మార్కెట్టు కూలీలు, ఆటోవాళ్లు రోజూ వచ్చేచోట పిండి నిలవుండదు. పూర్ణా మార్కెట్టు వైపైనా, ద్వారకానగర్లోనైనా ఇదే గుర్తు. తొమ్మిదిన్నరకి వెళ్తే "అయిపోయిందమ్మా" అన్నారా, మర్నాడు ఏడింటికే వెళ్లండి. బొంబాయి చట్నీ కమ్మగా ఉండాలి, శనగపిండి పచ్చివాసన రాకూడదు. నూనె నల్లబడితే పునుగుల జోలికి పోకండి.

ఇంకొక్క మాట. ఇంటిల్లిపాదికీ వేసిపెట్టి ఆఖర్న చల్లారిన అట్టు తినడం మనకి అలవాటైపోయింది. నెలకొక్క పొద్దుటైనా పొరుగావిడతో కలిసి వెళ్లి, పొట్లం కట్టించకుండా, అక్కడే కూర్చుని వేడిగా తినండి. పిల్లల్నీ ఆయన్నీ ఆ పూట ఉప్మా చేసుకోమనండి. ఏమీ మునిగిపోదు.