గుత్తి దగ్గర గొలుసు



1811వ సంవత్సరమున గుత్తి సమీపమున కొందరు మనుష్యులు నూరడుగుల యుక్కు గొలుసుతో నేలను గొలుచుచుండిరి. వారు పొలము గొలుచు కరణములు కారు. సరిహద్దు తగవు దీర్పవచ్చిన అధికారులును కారు. గొలుసు క్రింద కొయ్యతొట్లు అమర్చి, ప్రక్కన ఉష్ణమాపకములు పెట్టి, అడుగునకు అడుగుగా, దినములకొలది వారు సరళరేఖగా సాగిపోయిరి. ఇదంతయు శిస్తు పెంచుటకని చూచిన రైతులలో పలువురు తలచి యుందురు. అట్లు తలచుట సహజమే. కాని వారు గొలిచినది గుత్తి నేలను కాదు. మనమందరము నివసించు ఈ భూగోళము సరిగా బంతివలె నున్నదా, లేక కొంత నొక్కుకొని యున్నదా యను ప్రశ్నకు ఆ గొలుసు సమాధానము వెదకుచుండెను.

భూమి గుండ్రనిదను మాట మనకు క్రొత్త కాదు. పురాణములు సప్తద్వీపములను, వాని నడుమ మేరువును వర్ణించినను, లెక్క కట్టవలసిన జ్యోతిష్కులు భూమిని గోళముగానే గ్రహించిరి. 499వ సంవత్సర ప్రాంతమున ఆర్యభటుడు తన గ్రంథమున భూమిని కదంబపుష్పముతో పోల్చెను. కదంబము చుట్టును కేసరములు నిలిచినట్లు భూమిచుట్టును ప్రాణులు నిలిచియున్న వని యాతని భావము. భూవ్యాసము 1050 యోజనములని కూడ అతడు లెక్క చెప్పెను. యవనదేశీయుడగు ఎరతోస్తనీసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఈజిప్టుదేశమున ఇదే పనిని నీడతో సాధించెను. సయేనె నగరమున సూర్యుడు నడినెత్తికి వచ్చు దినమున, ఉత్తరముననున్న అలెగ్జాండ్రియాలో నీడ చక్రములో ఏబదవ వంతు వ్రాలెను. కావున ఆ రెండు పట్టణముల నడిమి దూరమును ఏబదింతలు చేసినచో భూమి చుట్టుకొలత వచ్చును. నీడయు, దూరమును, కొంచెము తెలివియు తప్ప అతనికి వేరు సాధనమేదియు లేదు.

మన సిద్ధాంతులకును నీడయే గురువు. పండ్రెండంగుళముల శంకువును సమతలమున నిలువుగ నాటి, రాత్రియు పగలును సమానమగు విషువద్దినమున నడిమధ్యాహ్నపు నీడను గొలుతురు. దానికి పలభ యని పేరు. హైదరాబాదులో ఆ నీడ సుమారు మూడుముప్పాతిక అంగుళములుండును. గుత్తిలో మూడుంబాతిక మాత్రమే; ఉజ్జయినిలో అయిదు దాటును. ఉత్తరమునకు పోయినకొలది నీడ పెరుగును గనుక, ఆ నీడనుబట్టి ఊరి అక్షాంశము తెలియును. దీనికి పరదేశపు యంత్ర మక్కరలేదు. మీలో ఎవరైనను మార్చి 21వ తేదీ ప్రాంతమున మీ ఊరి దేవాలయ ప్రాంగణమునందే ఈ పరీక్ష చేసి చూడవచ్చును. రాత్రివేళ ధ్రువనక్షత్రము క్షితిజము నుండి ఎన్ని అంశలెత్తున నున్నదో చూచినను రమారమి అదే సంఖ్య వచ్చును.

తూర్పుపడమరల లెక్క ఇంత సులభము కాదు. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచే, తూర్పున నున్నవారికి ముందుగను పడమట నున్నవారికి వెనుకగను మధ్యాహ్నమగును. ఒక గంటకు పదునైదంశలు. కావున రెండు ఊళ్ల దేశాంతరము తెలియవలెనన్న, ఒకే క్షణమున రెండు చోట్లను కాలమెంతో తెలియవలెను. చంద్రగ్రహణము అందరికి ఒకేసారి పట్టును గనుక పూర్వులు దానిని వాడుకొనిరి. 1610లో గెలీలియో బృహస్పతికి ఉపగ్రహములు కలవని కనుగొనినపిమ్మట ఆ ఉపగ్రహముల గ్రహణములు మరింత తరచుగ చిక్కెను. ఓడవారికి పనికివచ్చు గడియారమును పదునెనిమిదవ శతాబ్దమున హారిసన్ అను వడ్రంగి కొడుకు ఆంగ్లదేశమున నిర్మించెను.

మన ప్రాంతమున ఈ లెక్కకు మూలస్థానము చెన్నపట్టణపు నక్షత్రశాల. 1792లో దానిని కట్టించిన మైకేల్ టాపింగు అచ్చట నొక గొప్ప రాతిస్తంభమును నిలిపెను. దానిపై లాటిను, తమిళ, హిందుస్థానీ భాషలతోపాటు తెలుగునను శాసనము చెక్కబడినది. ఇకపై కొలతలన్నియు ఆ స్తంభమునొద్ద మొదలయ్యెను. ఆ రాతిపై మన లిపి కూడ నుండుట నాకు ముచ్చటగనే తోచును.

ఇక భూమి ఆకారమును గూర్చిన తగవు చెప్పవలెను. 1672లో రిషే అను ఫ్రెంచి పండితుడు భూమధ్యరేఖకు సమీపమున నున్న కయేన్ ద్వీపమునకు పోయి, పారిసులో సరిగా నడచిన తన లోలకపు గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుటను గమనించెను. అచ్చట భూమి ఆకర్షణ తక్కువయని దాని యర్థము. తిరుగుచున్న భూమి నడుమ ఉబ్బి ధ్రువములయొద్ద నొక్కుకొనవలెనని న్యూటను వాదించెను. పారిసులోని కస్సినీ వంశీయులు తమ కొలతలనుబట్టి దానికి విరుద్ధముగా, భూమి నిమ్మకాయవలె ధ్రువములయొద్ద సాగియున్నదనిరి. తగవు తీర్చుటకు 1735లో ఒక బృందము పెరూదేశమునకును, మరుసటి యేట ఇంకొకటి హిమమయమైన లాప్లాండునకును పోయెను. ఉత్తరమున ఒక్క అంశకు పట్టు దూరము ఎక్కువయని తేలుటచే న్యూటను పక్షమే గెలిచెను. అయితే ఎంత నొక్కు? దానికి మరికొన్ని దేశముల కొలతలు కావలసివచ్చెను. అంశకు సుమారు నూటపది కిలోమీటర్ల దూరములో, భూమధ్యమునకును ధ్రువమునకును గల భేదము ఒక కిలోమీటరునకు కొంచెము మించి మాత్రమే! అట్టి సూక్ష్మమును పట్టుటకు అడుగుల లెక్క చాలదు, అంగుళముల లెక్క కావలెను.

ఆ పనికి పూనుకొన్నవాడు విలియం లాంబ్టన్. 1799లో టిప్పుసుల్తానుతో యుద్ధము జరుగుచుండగా ఒక రాత్రి బెయిర్డు సేనాని దళము దారితప్పి నడచుచుండెను. దక్షిణమునకు పోవలసిన దళము ఉత్తరముగ శత్రువులవైపు పోవుచున్నదని నక్షత్రములను జూచి హెచ్చరించినవాడు ఈ లాంబ్టనే. యుద్ధము ముగిసినంతనే ద్వీపకల్పమునంతటిని త్రిభుజములతో కొలుతునని అతడు ప్రభుత్వమును కోరెను. త్రిభుజమున ఒక భుజమును, దాని రెండు కోణములును తెలిసినచో తక్కిన భుజములు గణితముచే వచ్చును. ఆ భుజములపై మరి రెండు త్రిభుజములు, వానిపై మరికొన్ని. ఇట్లు కొండకొమ్ము నుండి కొండకొమ్మునకు చూపుతోనే దేశమునెల్ల కొలువవచ్చును. నేలపై గొలుసు లాగవలసినది మొదటి భుజమునకును, నడుమ నడుమ పరీక్షకును మాత్రమే.

అతని గొలుసుకథ విచిత్రమైనది. చీనా చక్రవర్తికి కానుకగా ఆంగ్లరాయబారులు కొనిపోయిన వస్తువులలో అది యొకటి. చక్రవర్తి దానిని స్వీకరింపలేదు. అది చేతులు మారి తుదకు లాంబ్టనుకు దక్కెను. కోణములను చూచు పెద్ద థియొడొలైటు అర టన్ను బరువు. లండను నుండి వచ్చుచుండగా ఫ్రెంచివారు ఓడను పట్టుకొని దానిని మారిషసు ద్వీపమునకు కొనిపోయిరి. అది యుద్ధకాలము. అయినను ఆ ద్వీపపు ఫ్రెంచి అధిపతి, ఇది శాస్త్రమునకు సంబంధించిన వస్తువని తెలిసికొని, మర్యాదతో చెన్నపట్టణమునకు పంపివేసెను. శత్రువులలో ఇట్టి మర్యాద నేడు కానవచ్చుట అరుదు.

1802 ఏప్రిలులో చెన్నపట్టణము దగ్గర పరంగికొండ సమీపమున ఏడున్నర మైళ్ల మొదటి ఆధారరేఖను కొలిచిరి. ఎండకు ఉక్కు సాగును. పది ఫారన్‌హీటు డిగ్రీల భేదమును లెక్కింపక విడిచినచో ఆ దూరమున రెండడుగులకు మించిన తప్పు వచ్చును. ఉష్ణమాపకము లందులకే. అచ్చటి నుండి త్రిభుజములల్లుకొని బెంగుళూరు చేరి, 1804లో అచ్చట మరల నేలను గొలిచి చూడగా, గణితమున వచ్చిన పొడవునకును గొలుసు చెప్పిన పొడవునకును ఏడుమైళ్లలో నాలుగంగుళముల భేదము కూడ లేదు. మంగుళూరు చేరునప్పటికి మరియొక సంగతి బయటపడెను. తూర్పుతీరము నుండి పడమటితీరమునకు నాలుగువందల మైళ్లని పటములలో నుండగా, నిజముగా నున్నవి మూడువందల యరువదియే. నలువది మైళ్ల దేశము కాగితముపైననే యుండెను!

ఇంతటి పనికిని ఆక్షేపకులు లేకపోలేదు. శ్రీరంగపట్టణము పోదలచినవాడు బోయీలతో ఒక్కమాట చెప్పిన చాలును, లాంబ్టను పటమెందులకని చెన్నపట్టణపు ఆర్థికసంఘమున ఒక పెద్దమనిషి పలికెనట. బోయీలకు దారి తెలియుననుట నిజమే. భూమి ఆకారము మాత్రము వారు చెప్పలేరు.

1808లో తంజావూరు పెద్దగుడి గోపురముపైకి థియొడొలైటును ఎక్కించుచుండగా త్రాడు తెగి అది గోడకు గొట్టుకొనెను. సూక్ష్మముగా గీతలు గీసిన దాని చక్రము వంగిపోయెను. మరియొకడైనచో పని మానుకొనెడివాడు. లాంబ్టను ఆరు వారములు తలుపు వేసికొని కూర్చుండి, దానిని కొంచెము కొంచెముగ స్వహస్తములతో సరిచేసి మరల బయలుదేరెను. కన్యాకుమారి నుండి ఉత్తరముగ వచ్చిన ఆ త్రిభుజమాలకు పరీక్షగానే 1811లో గుత్తి దగ్గర గొలుసు పరచిరి. గుత్తి ప్రాంతమందలి నాంతాబాదున నక్షత్రములను జూచి అక్షాంశమును నిర్ణయించిరి. అటుపిమ్మట నైజాము రాజ్యమున ప్రవేశించి 1815లో బీదరు దగ్గర మరియొక ఆధారరేఖను గొలిచిరి. దుర్భిణితో చూచిన అంతఃపురములు కనబడునను భయముచే కొందరు సంస్థానాధిపతులు వీరిని కొండలెక్కనీయలేదని చెప్పుదురు.

ఈ శాస్త్రమునకు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. 1818లో హైదరాబాదుకు వచ్చి లాంబ్టనుకు సహాయకుడైన జార్జి ఎవరెస్టు, మరుసటి యేట కృష్ణాగోదావరుల నడిమి ఎల్లాపురపు టడవులలో పనిచేయుచుండగా, వర్షములతో కూడ విషజ్వరము వ్యాపించెను. సుమారు నూటయేబదిమంది పడిపోయిరి. హైదరాబాదు నుండి ఏనుగులు, పల్లకీలు పంపి వారిని తెప్పింపవలసి వచ్చెను. కొందరు త్రోవలోనే మరణించిరి. జెండాలు మోసినవారు, చెట్లు నరికినవారు, కొండకొమ్ములపై రాత్రులు దీపములు పట్టుకొని నిలిచినవారు మన దేశస్థులే. కొలతలన్నియు గ్రంథములలో అంకెతో సహా నిలిచినవి. వారి పేర్లలో పెక్కింటిని ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. లాంబ్టను కూడ 1823 జనవరిలో, పనిమీదనే, హింగన్‌ఘాటు అను ఊర మరణించెను. 1841 నాటికి ఎవరెస్టు ఆ రేఖను హిమాలయపాదము వరకు, సుమారు 2400 కిలోమీటర్లు, కొనిపోయెను. హిమాలయమందలి అత్యున్నత శిఖరమునకు తరువాత ఈతని పేరే పెట్టిరి.

పర్వతములు చేరువయగునప్పటికి వింతయగు చిక్కొకటి తలయెత్తెను. కలియాన్‌పూరు, కలియానా అను రెండు స్థానముల నడిమి దూరమును త్రిభుజములతో గట్టిన నొకటి, నక్షత్రములతో గట్టిన నొకటి వచ్చెను. భేదము అయిదు వికలలు. నేలపై ఐదువందల అడుగులు. నక్షత్రములను జూచువాడు తాపీపనివాని వలెనే ఒక గుండును వ్రేలాడదీసి నిలువును నిర్ణయించుకొనవలెను. హిమాలయము ఆ గుండును తనవైపు లాగుచున్నది! కలకత్తాలోని క్రైస్తవాచార్యుడగు ప్రాట్ 1855లో లెక్కకట్టి చూడగా, అంత పెద్ద పర్వతము పదునైదు వికలలకు పైగా లాగవలసి యుండెను. లాగినది అయిదే. పర్వతముల క్రింది నేల తేలికయై యుండుటయే దీనికి కారణమని తేలినది. ఓడ నీటిలో మునిగి తేలినట్లు కొండలును లోతుగ వ్రేళ్లూని తేలుచున్నవని ఏరీ అను ఖగోళవేత్త చెప్పెను. ఊరు ఎచ్చట నున్నదో తెలిసికొనబోయి భూగర్భరహస్యమును తెలిసికొనిరి.

ఈ విద్యలో తెలుగువారి పాలును కొంత కలదు. చెన్నపట్టణపు నక్షత్రశాలలో టెయిలరు కడ అభ్యసించిన గోడె వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున విశాఖపట్టణమున సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పెను. ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని అనేక సంవత్సరములు నడపెను.

మన గడియారములకును ఈ కొలతలే ఆధారము. 1906 నుండి భారతదేశమునకు ఎనుబది రెండున్నర అంశల రేఖాంశమును ప్రమాణముగ నిర్ణయించిరి. ఆ రేఖ మన తునికి కొన్ని మైళ్ల పడమటగా పోవును. అంతకుముందు రైళ్లు నడచిన చెన్నపట్టణపు కాలము దీనికి తొమ్మిది నిమిషములు వెనుక. నేడును గడియారము పండ్రెండు కొట్టునప్పుడు హైదరాబాదున నిజమైన మధ్యాహ్నము కాలేదు. సగటున పదునారు నిమిషములు ఆగవలెను. విశాఖపట్టణమున మూడు నిమిషముల క్రిందటనే అయిపోయినది. పంచాంగమును ముందిడుకొని తగవులాడు పెద్దలు దీనిని గమనింపవలెను. తిథి ముగియు క్షణము అందరికి ఒకటే. సూర్యోదయము మాత్రము ఊరికొకటి. ఆ క్షణము రెండు ఊళ్ల సూర్యోదయముల నడుమ పడినచో, ఒక ఊర నేడు ఏకాదశి, వేరొక ఊర రేపు. ఇందు సిద్ధాంతులిద్దరిలో ఎవ్వరి దోషమును లేదు. ఎక్కడి పంచాంగమును ఎక్కడ చదువుచున్నామో చూచుకొనవలెను, అంతియే.

నేడు భూమి ఆకారమును ఉపగ్రహములు కొలుచుచున్నవి. నడుమ వ్యాసార్ధము 6378 కిలోమీటర్లు, ధ్రువములకడ 6357. సముద్రతలము కూడ అంతట సమముగా లేదు. సింహళమునకు దక్షిణమున నూరు మీటర్లకు పైగా పల్లముపడి, లోకమునందు అన్నిటికంటె లోతైన పల్లముగ నున్నది. లాంబ్టను, ఎవరెస్టుల కొలతలనుండి 1830లో కట్టిన గోళమును ఆధారముచేసికొని మన దేశపటములన్నియు చిరకాలము వెలువడెను. 2005లో ప్రకటించిన పటవిధానము ననుసరించి, ప్రజలకిచ్చు పటములకు లోకమంతట వాడు క్రొత్త గోళమును గ్రహించిరి. దానితో ప్రతి ఊరి అక్షాంశ రేఖాంశములు కొన్ని వికలలు మారినవి. గుత్తి కొండ మాత్రము ఉన్నచోటనే యున్నది.