లై, లే : రెండు ఆంగ్లక్రియల పుట్టుపూర్వోత్తరములు



ఆంగ్లభాషలో 'లై' యనియు 'లే' యనియు రెండు క్రియలు కలవు. చూచుటకు కవలపిల్లలు. మొదటిదానికి పరుండుట, పడియుండుట యని యర్థము, అది యకర్మకము. రెండవదానికి పరచుట, పెట్టుట యని యర్థము, అది సకర్మకము. ఇంతమాత్రమే యైనచో చిక్కు లేదు. కాని 'లై' యనుదాని భూతకాలరూపము 'లే'! రెండవ క్రియకు వర్తమానరూపమును 'లే'యే; దాని భూతకాలము 'లెయిడ్'. ఒకని నిన్నటి పేరు వేఱొకనికి నేటి పేరైనది. పైగా 'లే' యన్నచో మనకు లెమ్మనుట, వారికి పరుండబెట్టుట. బాలురు తికమకపడిన వారి తప్పేమి? (అబద్ధమాడుట యను నర్థము గల 'లై' వేఱు ధాతువు. దాని జోలి మనకు వలదు.)

మా నౌపడలో ఈ భేదమును తెలుపుటకు నల్లబల్ల యక్కఱలేదు, రైలుకట్ట చాలును. 1900వ సంవత్సరమున పర్లాకిమిడి సంస్థానమువారు నౌపడనుండి పర్లాకిమిడికి రెండున్నర యడుగుల వెడల్పు గల చిన్నరైలు మార్గమును వేయించిరి. 1931 నాటికి అది గుణుపురము చేరెను. కూలీలు పట్టాలు పరచిరి: అది 'లెయిడ్'. ఆ పట్టాలు నూఱేండ్లు కట్టపై పడియుండెను: అది 'లే'. 2004లో చిన్నబండిని నిలిపి, వెడల్పు పట్టాలు పరచి, 2010లో పర్లాకిమిడికి మరల బండి నడిపిరి. ఆ పట్టాలు నేడును పడియున్నవి: అది 'లై'. పరచుటకు మనుష్యుడు కావలెను. పడియుండుటకు పట్టాయే చాలును.

ఈ జంట యెట్లు పుట్టినది? వేయి యేండ్ల క్రిందటి యాంగ్లమున పరుండుటకు 'లిజ్జన్' అనియు, పరుండబెట్టుటకు 'లెజ్జన్' అనియు ననెడివారు. రెండవది మొదటిదానికి ప్రేరణరూపము. సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్త గాదు. సద్ధాతువునకు 'సీదతి' యనగా కూర్చుండుచున్నాడు; ణిచ్ ప్రత్యయము చేరగా 'సాదయతి', కూర్చుండబెట్టుచున్నాడు. ఆంగ్లమున 'సిట్', 'సెట్' అను జంట సాక్షాత్తుగా వీనికి దాయాది. ఈ భాషల చుట్టరికమును 1786లో కలకత్తాలో విలియం జోన్సు సభాముఖమున చాటెను. మన ణిచ్చులోని యకారము వంటిదే వారి పూర్వభాషయందును ఉండెడిది. కాలక్రమమున అది లోపించి, ధాతువులోని యచ్చును మార్చిన జాడ మాత్రము మిగిలెను. ప్రత్యయము పోయి అచ్చుమార్పే గుర్తుగా నిలిచినందున నేటి యాంగ్లేయునికే యా చుట్టరికము కానరాదు.

తెలుగు వేఱు కుటుంబమునకు చెందిన భాష. అయినను మన యింట ఇట్టి జంటలు కొల్లలు: దిగు, దించు, పెరుగు, పెంచు, ఆగు, ఆపు, కాగు, కాచు. పాలు కాగినవి, పాలు కాచితిని అని పలుకు నైదేండ్ల పిల్ల యే వ్యాకరణము చదివినది? ఆ యెఱుకనే మేలుకొల్పక, మూడేసి రూపముల పట్టికలను వల్లెవేయించుట నాకెన్నడును రుచింపలేదు.

ఇది పరీక్షలో నొక మార్కుకు సంబంధించిన సంగతి యనుకొనరాదు. స్టేషనులో నూఱు బస్తాల యుప్పు వానకు కరగినదనుకొందము. 'బస్తాలు వానలో పడియుండెను' అని యాంగ్లమున వ్రాసిన 'లే' వచ్చును. పడవేసిన దెవరో యా వాక్యము చెప్పదు, అడుగదు. 'బస్తాలను వానలో పెట్టిరి' అన్నచో 'లెయిడ్' వచ్చును. వెంటనే పెట్టినవా రెవరను ప్రశ్న పుట్టును. నష్టమెవరు కట్టుకొనవలెనన్న తగవంతయు నీ రెండు మాటల నడుమనే యున్నది. తన తప్పు దాచగోరు గుమాస్తాకు అకర్మకక్రియ మంచి చుట్టము.

ఆంగ్లేయులును తప్పని వారు కారు. బైరను మహాకవి 1818లో ప్రకటించిన కావ్యమున, సముద్రమును గూర్చి వ్రాయుచు, 'లై' యుండవలసిన తావున 'లే' యని ముగించెను. అంత్యప్రాస యట్లు కోరినది. ప్రాసకై తంటాలుపడుట మన పద్యకవులకే చెల్లినదని యనుకొనుచుంటిమి!

మీ యింటి పెట్టెలో నాంగ్లమున వ్రాసిన పాత దస్తావేజు లుండవచ్చును. వానిలో పొలము తూర్పున 'లైయింగ్' అని యున్నచో, ఆ దిక్కున ఉన్నదనియే యర్థము. దానిని ఎవరును పరచలేదు. 'లే' యని కనబడినచో, తరువాత కర్మ యున్నదేమో చూడుడు. ఉన్నచో పెట్టుట, లేనిచో, వెనుకటి కాలమున పడియుండుట.