ప్రశ్నించే నవల: కృష్ణా డెల్టాలో దాని పుట్టుపూర్వోత్తరాలు

మనిషి బతుకుకు అర్థం ఉందా, మంచిచెడ్డలకు గీటురాయి ఏది, తెలిసిందని అనుకున్నది నిజంగా తెలిసినట్టేనా అనే ప్రశ్నలను కథలో పాత్రల చేత అడిగించే నవలను తాత్త్విక నవల అంటారు. శాస్త్రగ్రంథం సిద్ధాంతాన్ని ముందు పెట్టి ఉదాహరణను వెనక తెస్తుంది. తాత్త్విక నవల ఒక మనిషి బతుకును ముందు పెట్టి, సిద్ధాంతం ఆ బతుకులో ఎంతవరకు నిలబడుతుందో తేల్చుకునే పనిని పాఠకుడికి వదిలిపెడుతుంది. నిర్జన ద్వీపంలో ఒంటరిగా పెరిగిన బాలుడు తన బుద్ధి ఒక్కదాని సాయంతో సత్యాన్ని వెతుక్కునే కథను 12వ శతాబ్దంలోనే అండలూసియా పండితుడు ఇబ్న్ తుఫైల్ రాశాడు. ప్రత్యేకించి పిల్లల కోసమే ఇటువంటి నవలలు రాయడం మాత్రం ఇటీవలి సంగతి: అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ బడిపిల్లలకు తర్కం నేర్పడానికి 1974లో ఒక నవల ప్రచురించగా, నార్వేలో యూస్టైన్ గార్డర్ 1991లో ‘సోఫీ ప్రపంచం’ రాసి పాశ్చాత్య తత్త్వచరిత్ర మొత్తాన్ని ఒక బాలికకు అందే ఉత్తరాలలో ఇమిడ్చాడు. ఈ ఇద్దరూ తత్త్వశాస్త్రం బోధించిన ఉపాధ్యాయులు. తెలుగులో ఈ రకం నవల బడి గుమ్మం నుంచి రాలేదు. ఇంటి వాదులాటల నుంచి, సంస్కరణోద్యమాల నుంచి, గ్రంథాలయాల నుంచి వచ్చింది, అందులోనూ దాని ప్రధాన రచయితలలో చాలామంది కృష్ణా డెల్టాకు చెందినవారు లేదా అక్కడ జీవితంలో ముఖ్యభాగం గడిపినవారు.

దీనికి భౌతిక కారణాలు లేకపోలేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువలు ఇరువైపులా పారి, మెట్టపొలాలు మాగాణులుగా మారిన తరువాత, పిల్లలను బందరు నోబుల్ కళాశాల వంటి చోట్లకు చదువుకు పంపగల రైతుకుటుంబాలు ఏర్పడ్డాయి. పొలం పంపకాలు, వారసత్వం, కుటుంబ ప్రతిష్ఠ ఆ ఇళ్లలో నిత్యం వినిపించే మాటలు కాబట్టి, అక్కడి నవలల్లో తాత్త్విక ప్రశ్న తరచు ఆస్తి రూపంలో ఎదురుకావడంలో ఆశ్చర్యమేమీ లేదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది, 1914లో అదే ఊళ్లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు పుస్తకాన్ని పల్లెకు చేర్చడాన్నే జీవితవ్రతంగా పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం కేంద్రంగా పడవ మీద గ్రంథాలయాన్ని నడిపినప్పుడు, పొలాలకు నీళ్లు తెచ్చిన కాలువలే రేవు రేవుకూ పుస్తకాలు కూడా తెచ్చాయి. ప్రశ్నించే నవలకు పాఠకులు తయారైనది ఈ ఏర్పాట్ల వల్లనే అన్న సంగతి సాహిత్య చరిత్రలలో రావలసినంత రాలేదు.

రచయితల వైపు నుంచి చూస్తే ఈ కథకు మొదలు త్రిపురనేని రామస్వామి చౌదరి. కృష్ణా జిల్లా అంగలూరులో 1887లో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, తెనాలిలో స్థిరపడిన ఆయన ‘సూతపురాణం’, ‘శంబుకవధ’ వంటి రచనల్లో పురాణాలను న్యాయస్థానంలో సాక్షిని ప్రశ్నించినట్టు ప్రశ్నించాడు. ఆయన నవలాకారుడు కాడు; కాని ఆ ఇంట్లో పెరిగిన కొడుకు గోపీచంద్, తండ్రి అలవాటు చేసిన ఆ ప్రశ్నను పురాణాల మీద నుంచి మనిషి లోపలికి మళ్లించాడు. 1940ల నడుమ వచ్చిన ‘అసమర్థుని జీవయాత్ర’ను గోపీచంద్ తండ్రికే అంకితమిస్తూ, ఎందుకు అని అడగడం నేర్పినవాడిగా ఆయనను తలచుకున్నాడు. తెలుగు తాత్త్విక నవలకు జన్మపత్రిక అంటూ ఉంటే అది ఈ అంకితమే.

ఆ నవలలోని సీతారామారావు తండ్రి నుంచి వచ్చిన ఆస్తిని కుటుంబ ప్రతిష్ఠ కోసం ఖర్చు చేసుకుని, తరువాత ఏ పనిలోనూ నిలవలేక, తన ప్రతి చర్యకూ ఒక సిద్ధాంతాన్ని సృష్టించుకుంటూ, భార్యాబిడ్డలను బాధపెడుతూ, చివరకు శ్మశానంలో ప్రాణాలు పోగొట్టుకుంటాడు. అతనికి తెలివి తక్కువ కాదు. ఆలోచన ఆచరణ నుంచి విడిపోతే అది మనిషిని లోపలి నుంచి తినేస్తుందన్నదే ఇక్కడి విషయం. సొంత చేతులతో పనిచేసి బతికే రామయ్య తాతను అతని ఎదుట నిలబెట్టడం ద్వారా, జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుందనే పాత తాత్త్విక సమస్యను గోపీచంద్ పల్లెటూరి సంభాషణగా మార్చాడు. దీన్ని మనోవైజ్ఞానిక నవల అని, అంటే పాత్రల మనసులోని సంఘర్షణే కథను నడిపించే నవల అని, విమర్శకులు సాధారణంగా వర్గీకరిస్తారు. ఆ మాట తప్పు కాదు గాని, సీతారామారావును రోగిగా మాత్రమే చూస్తే అతను వేసే ప్రశ్నలన్నీ రోగలక్షణాలుగా మిగిలిపోతాయి. ఇరవయ్యేళ్ల పాఠకుడికి ఆ నవల భయం కలిగించేది, ఆ ప్రశ్నల్లో కొన్ని తనవి కూడా కావడం వల్లనే.

గోపీచంద్ ఒకచోట ఆగిన రచయిత కాడు. మార్క్సిజం నుంచి, ఎం.ఎన్.రాయ్ ప్రతిపాదించిన నవ్య మానవవాదానికి, అంటే మనిషి స్వేచ్ఛే విలువలన్నిటికీ కొలమానమని, దైవమైనా వర్గమైనా జాతి అయినా దాన్ని మింగకూడదని చెప్పే ఆలోచనకు చేరి, అక్కడి నుంచి అరవిందుని దర్శనం వైపు నడిచాడు. ప్రపంచ తాత్త్వికులను సామాన్య పాఠకులకు పరిచయం చేస్తూ ‘తత్త్వవేత్తలు’ రాశాడు. భౌతికవాదాన్నీ ఆధ్యాత్మికతనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించిన ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు, 1962లో ఆయన మరణించిన తరువాత, 1963లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇదే నేల మీద ఎదుటి పక్షం వాదన కూడా నవల రూపంలోనే వచ్చింది. కృష్ణా జిల్లా నందమూరులో 1895లో పుట్టి, విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో ఏళ్లతరబడి అధ్యాపకుడిగా పనిచేసిన విశ్వనాథ సత్యనారాయణ, సంప్రదాయం శిథిలమైతే పోయేదేమిటని ‘వేయిపడగలు’లో అడిగాడు. అయితే కౌమారంలో ఉన్న పాఠకులకు ఆ మహాగ్రంథం కన్నా ఆయన చిన్న నవల ‘హాహాహూహూ’ సరైన ద్వారం. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. అక్కడివారు అతన్ని బోనులో పెడతారు. అతను సంస్కృతంలో మాట్లాడుతూ వారి విజ్ఞానాన్నే ప్రశ్నిస్తాడు. ఎవరు నాగరికులు, పరిశీలించేవాడు ఎవరు, పరిశీలనకు గురయ్యేది ఎవరు అనే జ్ఞానమీమాంస, అంటే తెలుసుకోవడాన్ని గురించిన విచారణ, ఇంత సరదాగా సాగిన తెలుగు నవలలు అరుదు. విశ్వనాథ తీర్పులతో ఏకీభవించనివారు కూడా ఈ పుస్తకాన్ని పిల్లల చేతిలో పెట్టవచ్చు.

బెజవాడ నుంచి కాలువ దారిలో ఉన్న ఏలూరులో 1916లో పుట్టిన బుచ్చిబాబు మరో తోవ తొక్కాడు. తల్లి శీలాన్ని గురించి లోకం అనే మాటలు నీడలా వెంటాడే దయానిధి, స్త్రీల ప్రేమలోను, వైద్యవృత్తిలోను, ఏకాంతంలోను తనను తాను వెతుక్కునే ‘చివరకు మిగిలేది’, 1946–47 ప్రాంతంలో ‘ఏకాంతం’ పేరుతో ధారావాహికగా వచ్చింది. జీవితానికి అర్థం ఏమిటన్న ప్రశ్నను జవాబు లేకుండానే భరించడం ఎలాగన్నది ఇందులోని విచారణ.

వీటిలో ఏదీ పిల్లల కోసం రాసినది కాదు. అయినా యువ పాఠకులు వీటి దాకా రావడానికి ఒక మెట్టు ‘చందమామ’. తెనాలికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947లో ఆరంభించిన ఆ పత్రికకు, తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించే వరకు సంపాదకత్వం నెరపాడు. అందులోని బేతాళ కథ ప్రతి నెలా ఒక ధర్మసందేహంతో ఆగి, తీర్పు చెప్పే ముందు పిల్లవాడిని ఆలోచించమనేది. రెండో మెట్టు చవక పుస్తకం. మచిలీపట్నపు ఎం.శేషాచలం అండ్ కంపెనీ, అంటే ఎమెస్కో, పాకెట్ పుస్తకాల ద్వారాను ఇంటింటా గ్రంథాలయం పథకం ద్వారాను నవలను మధ్యతరగతి ఇంటి అలమరలోకి తెచ్చింది.

ఈ పరంపరలో ఒక లోపం స్పష్టంగా కనిపిస్తుంది: అడిగేవాడు దాదాపు ఎప్పుడూ చదువుకున్న మగవాడు, భార్య అతని ప్రశ్నలకు మూల్యం చెల్లించే మనిషి. 1950 దాకా బెజవాడలో ఉన్న చలం 1927లోనే ‘మైదానం’లో రాజేశ్వరి చేత తన కథను తానే చెప్పించాడు గాని, స్వేచ్ఛ అంటే ఏమిటన్న ప్రశ్నను స్త్రీ రచయిత్రి స్త్రీ పాత్ర వైపు నుంచి అంచెలంచెలుగా విచారించిన నవలగా గుంటూరులో పుట్టిన ఓల్గా ‘స్వేచ్ఛ’ను, 1987 నాటి రచనను, ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పుట్టింటి ఆంక్షలను దాటి, ప్రేమించి పెళ్లి చేసుకున్న అరుణకు, కోరుకున్నది దొరికినా స్వేచ్ఛ దొరకలేదని తెలిసివచ్చే క్రమమే అందులోని తాత్త్విక విషయం. సోఫీ వయసు బాలిక తెలుగులో, కాలువగట్టు మీద నిలబడి, పెద్దల మధ్యవర్తిత్వం లేకుండా ఇటువంటి ప్రశ్నలు వేసే నవలకు మాత్రం ఈ సంప్రదాయంలో ఇప్పటికీ చోటు ఖాళీగానే ఉంది. గోపీచంద్, విశ్వనాథల వారసత్వం ఉన్న భాషలో ఆ పని జరగవలసి ఉంది.