రంగులరాట్నము – వార్తాధర్మము

మార్కాపురపు చెన్నకేశవస్వామి తిరునాళ్లకు గాని, గిద్దలూరు ప్రాంతపు జాతరలకు గాని వెంటబెట్టుకొని పోయిన పిల్లలు మొదట కోరునది రంగులరాట్నము. బిడ్డ దిగివచ్చువరకు క్రింద నిలిచిన తల్లి ప్రాణము ఆ తొట్టిలోనే వ్రేలాడుచుండును. కావున అట్టి యంత్రము విఱిగినపుడు పత్రికలు వ్రాయు ప్రతి వాక్యమును మన యిండ్లకు సంబంధించినదే.

2018 మే నెలలో అనంతపురమున నొక ప్రదర్శనమునందు పెద్దరాట్నపు తొట్టి యూడిపడి పదియేండ్ల బాలిక మరణించెను, మఱికొందఱు గాయపడిరి. బిగింపు సడలినదని చెప్పినను నడుపువాడు వినలేదనియు, త్రాగియుండెననియు చూచినవారు ఆరోపించినట్లు వార్తలు వచ్చెను. జనులు వానిని కొట్టిరనియు వచ్చెను. ఆరోపణము నిజమే కావచ్చును. కాని తొట్టిని బిగించినదెవరు? ఎక్కించుటకు ముందు పరీక్షింపవలసినదెవరు? త్రాగుడు కథ నిలిచినట్లు ఈ ప్రశ్నలు పాఠకుని మనస్సున నిలువవు.

2015 జూన్ 2న ఇంగ్లాండులోని ఆల్టన్ టవర్స్ ఉద్యానమున ‘స్మైలర్’ అను విహారయంత్రపు బండి, పట్టాలపై నిలిచిపోయిన ఖాళీబండిని ఢీకొనెను. 16 మంది గాయపడిరి. ఇద్దఱు యువతులు చెఱియొక కాలు కోల్పోయిరి. ఆ నవంబరులో యాజమాన్యము తన విచారణ ఫలితమును ప్రకటించి, పనివారి పొరపాటే కారణమనగా, ఆ మాటయే పత్రికల శీర్షికలకెక్కెను. 2016 సెప్టెంబరులో న్యాయస్థానము యాజమాన్యమునకు 50 లక్షల పౌన్ల జరిమానా విధించెను. సురక్షితమైన పనివిధానమును ఏర్పఱుపకపోవుటయే మూలదోషమని అప్పుడు తేలెను. అంతవరకు నింద మోసినవారు పనివారు.

అట్లని యజమానినే ముందుగా దోషి యనుటయు న్యాయము కాదు. 1972 మే 30న లండనులోని బాటర్సీ వినోదోద్యానమున ఐదుగురు పిల్లలు మరణించిరి. అభియోగమునకు గుఱియైన అధికారులను న్యాయస్థానము మఱుసటియేట నిర్దోషులని విడిచెను.

మన తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును, ఆప్తవాక్యమును వేఱువేఱుగా నెంచిరి. విలేఖరియు అట్లే, తాను చూచినదిది, ఊహించినదిది, ఒకరు చెప్పగా విన్నదిది యని విడదీసి వ్రాయవలెను. తొలినాడు సర్వము తెలియదనుట నిజమే. తెలియనిదానిని తెలిసినట్లు వ్రాయకుండుట మాత్రము తొలినాడే సాధ్యము. విచారణ ముగిసిననాడు దాని ఫలితమును, తొలివార్త నచ్చువేసిన చోటనే, అంతే పెద్ద అక్షరములతో అచ్చువేయవలెను.

మార్కాపురపు పలకమీద బాలుడు వ్రాసిన తప్పు తడిగుడ్డతో పోవును. అచ్చుపడిన నింద అట్లు పోదు. పత్రిక కొను గృహస్థులమైన మనము, ‘దోషి యెవడు?’ అని యడుగుటతో తృప్తిపడక, ‘తరువాత నేమి తేలెను?’ అనియు అడుగుదము గాక. మఱుసటి తిరునాళ్లలో రాట్నమెక్కు బిడ్డకు ఆ రెండవ ప్రశ్నయే రక్ష.