రంగుల పేటలో మన తీరం పేరు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో సిగ్నల్ హిల్ అనే కొండ వాలు మీద బో-కాప్ అనే పాత పేట ఉంది. ఆఫ్రికాన్స్ భాషలో ఆ పేరుకు 'ఎగువ కేప్' అని అర్థం. గులాబీ, పసుపు, చిలకపచ్చ, నీలం రంగులు పూసిన చిన్న చిన్న ఇళ్లు అక్కడ వరసగా ఉంటాయి. పోయిన సెలవుల్లో అక్కడ ఉద్యోగం చేసే మా మామయ్య దగ్గరికి అమ్మా నేనూ పోయినాం. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పేటలోనే తిరిగినాం. మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలి మొదలవుతుంది.

మామయ్య మమ్మల్ని నేరుగా రంగుల ఇళ్లకు తీసుకుపోలేదు. "కింద నుంచి నడుద్దాం, అప్పుడే అర్థమవుతుంది" అన్నాడు. వేల్ స్ట్రీట్ అనే వీధి ఊరి నడుమ నుంచి కొండ మీదికి పోతుంది. దాని దిగువన మూలమీద స్లేవ్ లాడ్జ్ ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ తన బానిసలను ఉంచడానికి 1679లో కట్టిన భవనం అది. ఇప్పుడు మ్యూజియం.

డచ్చివాళ్లు 1652లో కేప్‌లో మజిలీ పెట్టుకున్నారు. ఐరోపా నుంచి ఆసియాకు పోయే ఓడలకు నీళ్లు, కూరగాయలు, మాంసం అందించడం దాని పని. ఆ పనికి మనుషులు కావాలి కదా, ఓడల్లో బానిసలను తెచ్చారు. 1808 దాకా సుమారు 63,000 మందిని తెచ్చారని చరిత్రకారుల లెక్క. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మన భారతదేశం వైపు నుంచి వచ్చినవాళ్లే. మిగతావాళ్లు ఆఫ్రికా, మడగాస్కర్, ఇండోనేషియా దీవుల నుంచి వచ్చారు.

బానిసకు సొంత పేరు మిగలదు. యజమాని ఏదో ఒక పేరు పెడతాడు. కొందరికి నెలల పేర్లే పెట్టారు. ఆ పేరు వెనక ఏ చోటి నుంచి తెచ్చారో రాస్తారు. వాన్ బెంగాలెన్ అంటే బెంగాల్ నుంచి, వాన్ కోరమాండెల్ అంటే కోరమండల్ నుంచి. కోరమండల్ అంటే మన తూర్పు తీరమే! మచిలీపట్నం, పులికాట్, నాగపట్నం ఆ తీరంలో డచ్చివాళ్లు వ్యాపారం చేసిన రేవులు. మా ఊరికి దగ్గరలోని పులికాట్‌లో 1613లో వాళ్లు గెల్డ్రియా కోట కట్టారు. బట్టలతో పాటు మనుషులను కూడా ఈ తీరం నుంచి ఓడలకెక్కించారు. కరువు వస్తే తిండి లేక పిల్లలను అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అక్కడ నుంచి ఎత్తు ఎక్కి బో-కాప్ చేరినాం. 1760లలో యాన్ డి వాల్ అనే ఆయన ఇక్కడ భూమి కొని, అద్దెకిచ్చే చిన్న ఇళ్లు కట్టించాడు. వేల్ స్ట్రీట్ 71వ నంబరు ఇల్లు ఆ కాలం నాటిదే, ఇప్పుడది బో-కాప్ మ్యూజియం. బ్రిటిష్‌వాళ్లు 1834లో బానిసత్వాన్ని రద్దు చేసినా, ఇంకో నాలుగేళ్లు పాత యజమాని దగ్గరే పని చేయాలన్నారు. నిజంగా విడుదల దొరికింది 1838లో. అప్పుడు చాలామంది దర్జీలు, వడ్రంగులు, తాపీ పనివాళ్లు ఈ పేటలో కాపురం పెట్టారు. అద్దెకున్నప్పుడు ఇళ్లకు తెల్లసున్నమే వేయాలని, ఇల్లు సొంతమయ్యాక ఇష్టమైన రంగు వేసుకున్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

డార్ప్ స్ట్రీట్‌లోని అవ్వల్ మసీదు 1794 నాటిది. దక్షిణాఫ్రికాలో మొదటి మసీదు అదే. దానికి స్థలమిచ్చింది సార్చి వాన్ డి కాప్ అనే ఆమె. ఆమె తండ్రి విడుదలైన బానిస, పేరు కోరిడాన్ వాన్ సిలోన్. తండ్రి పేరులో సిలోన్ ఉంటే కూతురి పేరులో కేప్ ఉంది. ఒక్క తరంలోనే సొంత ఊరు మారిపోయింది.

మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు కొండ మీద ఫిరంగి పేలింది. నేను ఉలిక్కిపడితే మామయ్య నవ్వినాడు. ఆదివారం తప్ప రోజూ పేలుస్తారంట. తర్వాత ఒక ఇంటి ముందు అమ్ముతున్న కూసిస్టర్లు తిన్నాం. పిండి ముద్దలను నూనెలో వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి తురుము అద్దుతారు. అమ్మిన పెద్దావిడ 'ట్రమకాసి' అన్నది. మలయ్ భాషలో థాంక్స్ చెప్పే మాట అలా మారిందంట. మీ పూర్వీకులది ఏ ఊరు అని అమ్మ అడిగింది. ఆవిడ నవ్వి, "ఎవరికి తెలుసు? జావా కావచ్చు, మీ ఊరే కావచ్చు" అన్నది. వీళ్లందరినీ కలిపి 'కేప్ మలయ్' అంటారు. ఆ పేరులో మనవాళ్లు కనబడరు. కానీ అక్కడ కూరను 'కెర్రీ' అంటారు. తమిళంలోని 'కరి' అనే మాటే చేతులు మారి అక్కడ అలా నిలిచింది.

ఈ పేట నిలవడం కూడా తేలికగా జరగలేదు. 1950లో వచ్చిన చట్టం ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే చెప్పింది. దగ్గరలోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, 60,000 మందికి పైగా మనుషులను తరిమి, ఇళ్లు కూల్చేశారు. బో-కాప్‌ను మలయ్‌వాళ్లకని వదిలినా, వేరే జాతిగా రాసినవాళ్లను ఇక్కడి నుంచీ పంపించేశారు. ఈమధ్య పెద్ద పెద్ద భవనాలు లేచి, ఇళ్ల ధరలు పెరిగి, పాతవాళ్లు ఉండలేకపోతున్నారు. 2018లో పేటవాళ్లు వీధిలోకి వచ్చి క్రేన్లను అడ్డుకున్నారు. 2019లో నగరపాలన ఈ పేటకు వారసత్వ రక్షణ ఇచ్చింది.

పులికాట్‌లో డచ్చివాళ్ల సమాధుల తోట ఉంది. గేటు దగ్గర అస్థిపంజరాల శిల్పాలుంటాయి, అందుకే పిల్లలం చూడడానికి పోతాం. ఆ రాళ్ల మీద డచ్చివాళ్ల పేర్లు, తేదీలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈ తీరం నుంచి ఓడెక్కినవాళ్లకు వాళ్ల అమ్మానాన్నలు పెట్టిన పేర్లు మాత్రం మనకు దొరకవు. వాళ్లు ఏ భాషలో ఏడ్చారో, తెలుగులోనో తమిళంలోనో, అదీ రాసి లేదు. మన బడి నుంచి ఈసారి పులికాట్ పోయినప్పుడు, రాళ్ల మీద ఉన్న పేర్లతో పాటు లేని పేర్ల గురించి కూడా మాట్లాడుకోవాలని నా కోరిక.