నీళ్లిచ్చిన సార్జెంటు – రెండు ‘2వ సౌత్ కరోలినా’లు

(ఎవరి చరిత్ర? ఎవరి రికార్డు? – 9వ భాగం)

ఎప్పుడో చనిపోయిన ఒక మామూలు సిపాయి జాడ తీయడం ఎలా? ఎక్కడ పోరాడాడు, ఎక్కడ చనిపోయాడు అని తేల్చుకోవడం సగం పని. దేనికోసం చనిపోయాడు అని అడగడం మిగతా సగం. ఈ రెండో సగాన్నే చాలామంది వదిలేస్తారు.

ఈ భాగంలో ఒక అమెరికన్ సిపాయిని చూద్దాం. పేరు రిచర్డ్ కిర్క్‌లాండ్. 1843లో సౌత్ కరోలినాలో పుట్టాడు. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే 2వ సౌత్ కరోలినా పదాతి దళంలో చేరాడు. ఇది కాన్ఫెడరేట్ సైన్యం, అంటే అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం.

1862 డిసెంబర్ 13న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర కాన్ఫెడరేట్లు ఒక రాతిగోడ వెనక నిలబడి, ఎదురొచ్చిన ఉత్తరాది సైనికులను పిట్టల్లా కాల్చారు. గాయపడినవాళ్లు రాత్రంతా దాహంతో అరిచారు. మర్నాడు సార్జెంట్ కిర్క్‌లాండ్ అనుమతి తీసుకుని, గోడ దాటి, ఆ శత్రువులకే నీళ్లు తాగించాడని చెబుతారు. తర్వాత గెట్టిస్‌బర్గ్‌లో పోరాడి లెఫ్టినెంట్ అయ్యాడు. 1863 సెప్టెంబర్ 20న జార్జియాలోని చికమౌగా యుద్ధంలో తూటా తగిలి చనిపోయాడు. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు.

ఈ నీళ్ల కథ మనకెలా తెలిసింది? అతని కమాండర్ జోసెఫ్ కెర్షా 1880లో చార్లెస్టన్ పత్రికకు రాసిన ఉత్తరం వల్ల. అంటే 17 ఏళ్ల తర్వాత. యుద్ధకాలంలో కెర్షా ఇచ్చిన అధికారిక నివేదికలో ఈ సంగతి లేదు. అంతమాత్రాన కథ అబద్ధం అనక్కర్లేదు. కానీ ఎప్పుడు చెప్పారో చూడండి. 1877లో కేంద్ర సైన్యం సౌత్ కరోలినా నుంచి వెళ్లిపోయింది. 1868లో ఆ రాష్ట్ర శాసనసభలో మెజారిటీ సాధించిన నల్లవాళ్లను అధికారం నుంచి తోసేశారు. ఓడిపోయిన దొరలు మళ్లీ గద్దెనెక్కాక, తమ యుద్ధాన్ని పవిత్రం చేసుకోవడానికి ఇలాంటి కథలు బాగా పనికొచ్చాయి.

మరి ఆ యుద్ధం దేనికి? వాళ్ల కాగితమే చెబుతుంది. 1860 డిసెంబర్‌లో సౌత్ కరోలినా విడిపోతూ ఇచ్చిన ప్రకటనలో, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదని ఫిర్యాదు చేసింది. అప్పుడు ఆ రాష్ట్ర జనాభా సుమారు 7 లక్షలు. అందులో 4 లక్షల మందికి పైగా బానిసలు.

ఇప్పుడు రికార్డుల దగ్గరకు రండి. కాన్ఫెడరేట్ సిపాయిల హాజరు పట్టీలు, ఆసుపత్రి చిట్టాలు, ఖైదీల జాబితాల నుంచి వివరాలు ఎత్తి, ఒక్కో సైనికుడి పేరు మీద కార్డులు తయారుచేయించింది అమెరికా ప్రభుత్వమే. ఆ పని 1903లో మొదలైంది. మరి బానిసలకు? 1860 జనాభా లెక్కల్లో వాళ్లకు వేరే పట్టీ ఉంది. యజమాని పేరు రాశారు. కింద బానిస వయసు, ఆడో మగో, ఒంటి రంగు రాశారు. బానిస పేరుకు మాత్రం గడి లేదు. తోటలో చాకిరీ చేసిందీ, సైన్యానికి కందకాలు తవ్విందీ, వంట వండిందీ వాళ్లే.

అయినా వాళ్లు ఊరుకోలేదు. ‘2వ సౌత్ కరోలినా’ అని వెతికితే ఇంకో దళం కూడా దొరుకుతుంది. అదే రాష్ట్రం పేరు, అదే నంబరు. కానీ బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు ఉత్తరాది పక్షాన చేరిన దళం అది. 1863 జూన్ 2న హ్యారియెట్ టబ్‌మన్ దారి చూపగా ఆ దళం కంబాహీ నది వెంట ఉన్న వరి తోటల మీద దాడి చేసి, 700 మందికి పైగా బానిసలను విడిపించింది. కిర్క్‌లాండ్ చనిపోవడానికి మూడున్నర నెలల ముందు, అతని సొంత రాష్ట్రంలోనే ఇది జరిగింది.

ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కిర్క్‌లాండ్ విగ్రహం 1965లో పెట్టారు. నల్లవాళ్లు దెబ్బలు తిని, ప్రాణాలిచ్చి ఓటు హక్కు చట్టం సాధించుకున్న సంవత్సరం కూడా అదే.

ఆ కుర్రాడి దయను తీసిపారేయమని నేను అనను. దాహంతో ఉన్నవాడికి నీళ్లివ్వడం మంచి పనే. కానీ అతని చేతిలోని తుపాకీ ఏ వ్యవస్థకు కాపలా కాసిందో కూడా అదే పేజీలో రాయాలి. మంచి మనిషిని ముందు నిలబెట్టి చెడ్డ వ్యవస్థను దాచడం అన్ని దేశాల దొరలకూ తెలిసిన విద్య.

కిర్క్‌లాండ్ చనిపోయిన పదేళ్లకు, 1873లో, పూణేలో జోతిరావు ఫూలే ‘గులాంగిరి’ రాసి, బానిసత్వాన్ని రద్దు చేయడానికి పోరాడిన అమెరికన్లకు అంకితం ఇచ్చాడు. అంత దూరంలో ఉన్నా, ఆ యుద్ధంలో ఎవరు ఏ పక్షమో ఆయనకు స్పష్టంగా తెలుసు.

విద్యార్థి మిత్రులారా, ఏ వీరుడి కథ విన్నా మూడు ప్రశ్నలు వేయండి. ఈ కథ మొదట ఎప్పుడు, ఎవరు చెప్పారు? అతను దేనికోసం పోరాడాడు? అదే కాలంలో, అదే ఊళ్లో ఎవరి పేరు రాయలేదు? మూడో ప్రశ్నకు జవాబు వెతకడం కష్టం. మన అసలు పని అదే.

జై భీమ్.