ఎద్దులు ముందు చెప్పిన జబ్బు

నీళ్లు మంచివో కావో తేల్చుకోవడానికి మన ఆడవాళ్లకో పరీక్ష ఉంది. కందిపప్పు పొయ్యిమీద పెట్టి చూడటమే. ఇట్టే ఉడికిందా, మంచినీళ్లు. గంటసేపు మంట పెట్టినా బద్దలు బద్దలుగానే ఉందా, ఉప్పునీళ్లు. కొత్త ఊరికి బదిలీ అయిన ఇల్లాలు పక్కింటావిడను అడిగే మొదటి ప్రశ్న ఇదే. పరీక్ష తప్పని నేననను గాని, అది చెప్పలేని సంగతి ఒకటుంది. యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు ఎన్నో ఊళ్ల బతుకులు ఆ సంగతితోనే ముడిపడి ఉన్నాయి.

దాని పేరు ఫ్లోరైడ్. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో చాలాచోట్ల సున్నం తక్కువగా, సోడాగుణం ఎక్కువగా ఉంటుంది. పప్పు మెత్తగా ఉడకడానికి కావలసిందీ అదే కదూ! అంటే మన పరీక్షలో ఫస్టున పాసయ్యే నీళ్లే కొన్నిచోట్ల అసలు దొంగలన్నమాట.

ఈ దొంగను మన దేశంలో ముందు పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. 1930 తర్వాత తొలి ఏళ్లలో, బాగా మేసి బలంగా ఉన్న ఎద్దులే కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్ల కంటబడింది. పశువుల తర్వాత మనుషుల వంతు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఈ జబ్బు గురించి వ్యాసం ప్రకటించారు. అప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి. యర్రగొండపాలెం, మార్కాపురం కర్నూలు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా వచ్చాకే ఇవన్నీ ఒక గొడుగు కిందికి చేరాయి. జిల్లాలు మారాయి గాని బావులు మారలేదు.

విదేశాల్లోనూ కథ ఇంచుమించు ఆ కాలానిదే. అమెరికాలో కొలరాడో పిల్లల పళ్ల మీది గోధుమరంగు మరకలు ఎందుకో తెలియక ఒక దంతవైద్యుడు ముప్పై ఏళ్లు తల బద్దలుకొట్టుకున్నాడు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని 1931లో తేలింది. మరుసటేడు డెన్మార్క్‌లో క్రయోలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కార్ఖానా కూలీలకు ఎక్స్‌రే తీస్తే ఎముకలు సున్నపుముద్దల్లా తెల్లగా కనిపించాయట. అక్కడ దుమ్ము పీల్చి, ఇక్కడ నీళ్లు తాగి. ఒంట్లో జరిగేది మాత్రం ఒకటే.

ఏం జరుగుతుందంటారా? ఫ్లోరైడ్‌కు కాల్షియమంటే ప్రాణం. పాలపళ్లు ఊడకముందే చిగుళ్ల లోపల అసలు పళ్లు తయారవుతుంటాయి. పంటి మీద పింగాణీ పొర అల్లే కణాలు చాలా సుకుమారమైనవి. ఆ వయసులో ఫ్లోరైడ్ మితిమీరితే అల్లిక చెడి, పన్ను మరకతోనే మొలుస్తుంది. ఎంత తోమినా పోదు. “పళ్లు సరిగ్గా తోముకోదమ్మా, గారపళ్లు” అని ఎంతమంది పిల్లలను తిట్టలేదు! పెళ్లిచూపుల్లో నవ్వడానికి జంకే అమ్మాయి చేసిన తప్పేమిటి?

ఎముకల్లో మరో రకం. ఎముక కట్టే కణాలను ఫ్లోరైడ్ అదేపనిగా ఉసిగొల్పుతుంది. ఎముక లావెక్కుతుంది గాని గట్టిది కాదు. కీళ్లను పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా ఎముకలా బిగుస్తాయి. వెన్నుపూసల మధ్య సందు ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్లు చచ్చుబడతాయి. ఏళ్ల తరబడి తాగితేనే ఇంత. తిండిలో కాల్షియం తక్కువైన పేదవాళ్లకు దెబ్బ ఎక్కువ. నల్లగొండ జిల్లా పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకరపోవడాన్ని 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లోకానికి చెప్పారు. పోషకాహార లోపం మాట అప్పుడే గట్టిగా వినబడింది. అందుకే ఇలాంటి ఊళ్లలో పసివాడి గిన్నెలో గరిటెడు పెరుగు, రాగిజావ విలాసాలు కావు.

మరి కాచి తాగితే? అదే మన పొరపాటు. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది గాని పోదు. ఇండుపగింజ అరగదీస్తే బురద తేరుతుంది, ఇది తేరదు. పటిక, సున్నం తగుపాళ్లలో కలిపి తేర్చే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970 తర్వాత రూపొందించి నల్లగొండ పేరే పెట్టారు. పాళ్లు తెలియకుండా ఇంట్లో చిటికెడు పటిక వేస్తే మాత్రం ఫలం లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్ష చేయించుకోవలసిందే.

అన్నిటికంటే సులువైన మందు, వేరే నీళ్లు! వానలు తగ్గి, బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలో ఏళ్లకేళ్లు నానిన నీళ్లే పైకి వస్తాయి. అందుకే ఇక్కడివాళ్లు కృష్ణవైపు చూశారు. శ్రీశైలం వెనకనీళ్లను నల్లమల కింద సుమారు పందొమ్మిది కిలోమీటర్ల సొరంగాలలో తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. ఎద్దులు కుంటడం రైతులు చూసిన నాటికీ, ఆ రాయి పాతిన నాటికీ మధ్య అరవయ్యేళ్లు. ఆ అరవయ్యేళ్లూ ఈ ఊళ్ల తల్లులు బిందెడు నీళ్లు తోడి, పప్పు ఉడికిందని సంతోషించి, అవే నీళ్లు పిల్లలకు గ్లాసుల్లో పోశారు.